డాక్టర్ మాంటిస్సోరి – పసిపిల్లలు

మనలో చాలామందికి ఇప్పుడు మనవల్ని చూసుకోవడమే ఉద్యోగం కనుక డాక్టర్ మేరియా మాంటిస్సోరి గారిని గురించి రాస్తున్నాను.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో జన్మించారు. 1896లో రోమ్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. 1907 జనవరి 6న ఆ నగరంలోనే సాన్ లొరెంజో పేటలో కూలినాలి చేసుకునేవారి పిల్లలకు బడి తెరిచారు. అక్కడ ఊడ్వడం, చేతులు కడుక్కోవడం, బొత్తాలు పెట్టుకోవడం పిల్లల పనే. పెద్దలు తొందరపడి అందుకోకూడదు. మా ఇంట్లో ఇదే కష్టమయింది. మూడేళ్ళ మనవరాలు నీళ్ళు వంచుకుంటుంటే నా చెయ్యి ఊరుకునేది కాదు. కింది అరలో చిన్న చెంబు, గ్లాసు, పక్కనే గుడ్డ పెట్టించాను. ఒలికితే ఇప్పుడు తనే తుడుస్తుంది.

ఇంత తెలిసిన ఆమె సొంత బిడ్డను పెంచుకోలేకపోయారు. పెళ్ళి కాకుండా 1898లో పుట్టిన మారియో పల్లెలో ఇతరుల ఇంట పెరిగాడు. పెద్దవాడై తల్లిని చేరాక కూడా లోకానికి మేనల్లుడనో, దత్తుడనో చెప్పుకోవలసి వచ్చింది.

1939లో ఇద్దరూ మద్రాసు వచ్చి, అడయారు దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజుకు విడిచిపెడుతూ వైస్రాయి పంపిన టెలిగ్రాంలో అతణ్ణి కొడుకనే పేర్కొన్నారు. సర్కారు కాగితంలో ఒక్క మాట విలువ ఎంతో మనకు తెలియనిదా!

1952 మే 6న ఆమె హాలండులో కన్నుమూశారు. ఆ పనిని తరువాత నడిపించినది మారియోనే.