కెన్నెత్ ఆండర్సన్ - పాత తూటా

మన కె.ఆర్.పురమునకు అనతిదూరమున నున్న విమాన కర్మాగారము నెరుగని బాలబాలికలు మనలో నుండరు. ఆ కర్మాగారమున ప్రణాళికా విభాగపు మేనేజరుగా పనిచేసిన యొక ఉద్యోగి, సెలవు దొరకినదే తడవుగా కారులో బయలుదేరి, హొసూరు మీదుగా జవళగిరి, అంచెట్టి అడవులకు పోయి, మనుష్యులను తినుచున్న పులుల కొరకు రాత్రులు మేలుకొని కూర్చుండెడివాడు. ఆయనయే కెన్నెత్ ఆండర్సన్.

ఈయన తెలుగు నేలకు పరాయివాడు కాడు. 1910వ సంవత్సరము మార్చి 8వ తేదిన సికిందరాబాదు చెంత బొలారమున జన్మించెను. వీరిది ఆరు తరములుగా భారతదేశమున స్థిరపడిన స్కాట్లండు కుటుంబము. బెంగుళూరులో బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివి, తపాలా తంతి శాఖలో పదునైదేండ్లు కొలువు చేసి, పిమ్మట విమాన కర్మాగారమున చేరెను. ఆంగ్లమే కాక కన్నడము, తమిళము కూడ మాటలాడెడివాడు. ఆయన వేటలను గురించి చదివినవారు పెక్కండ్రు కలరు. మేమిచట చెప్పదలచినది ఆయన చేతి తుపాకిని గురించి, అందలి తూటాను గురించి.

బడి పత్రికలో తూటాల ముచ్చట యేల యని తలిదండ్రులు శంకింపవచ్చును. కారణము కలదు. పులి పుట్టుకతోనే నరభక్షకము కాదు. గురి తప్పిన తుపాకి దెబ్బ తిని, కుంటిదై, జింకను పట్టలేని పులి మనుష్యుని పట్టును. నాటు తుపాకితో సీసపు గుళ్లు చల్లి, చచ్చినదో లేదో చూడక ఇంటికి పోయిన వానివలన ఎన్ని పల్లెలు అల్లాడినవో ఆండర్సన్ తన గ్రంథములలో మరల మరల వ్రాసెను. జవళగిరి ఆడుపులి అట్టిదే. దాని జోడును వేటగాండ్రు చంపిరి. పిమ్మట అది తానును తుపాకి దెబ్బ తిని, చావక, నరభక్షకమయ్యెను. తుదకు ఆండర్సన్ రాత్రివేళ మగపులి గొంతును అనుకరించి పిలిచి, దానిని దగ్గరకు రప్పించి కాల్చెను. తప్పిన గుండు ఒక మృగముతో పోదు, పల్లె మీదకు తిరిగి వచ్చును. కావున ఏ తూటా మేలైనదన్న ప్రశ్న వేటగాని వేడుక మాత్రమే కాదు.

ఆండర్సన్ జీవితమంతయు నమ్ముకొన్నది .405 వించెస్టరు తూటా. అది అమెరికాలో 1904లో వెలువడినది. దానిని పేల్చు 1895 నమూనా రైఫిలును రూపొందించినవాడు జాన్ బ్రౌనింగ్. మీటను క్రిందికి దింపి పైకి లాగినచో కాలిన తూటా బయటపడి, కొత్తది గొట్టములోనికి ఎక్కును. అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా సింహముల వేటకు కొనిపోయిన తుపాకులలో అదియు నొకటి. గుండు బరువు 300 గ్రెయినులు, అనగా సుమారు 19 గ్రాములు. వేగము సెకనుకు దాదాపు 2200 అడుగులు.

1912లో లండనులోని హాలండు అండ్ హాలండు వారు .375 మాగ్నము తూటాను తెచ్చిరి. దాని గుండు బరువును 300 గ్రెయినులే, కాని వేగము 2500 అడుగులు దాటును. బరువు సమానమైనప్పుడు సన్నని గుండు పొడవుగా నుండును. మొద్దు మేకు కంటె సన్నని మేకు కొయ్యలో లోతుగా దిగుట మీరు చూచియుందురు. మాంసములోను ఎముకలోను అదియే జరుగును. ఆ పిమ్మట 1956లో .458 వించెస్టరు మాగ్నము వచ్చెను. దాని గుండు 500 గ్రెయినులు, ఏనుగును దృష్టియందుంచుకొని చేసినది. అయితే క్రొత్తదంతయు నిర్దోషము కాదు. పొట్టి తూటాలో మందును కుక్కుటవలన, చిరకాలము నిలువ యుంచినచో అది గడ్డకట్టి సరిగా కాలుట లేదని వేటగాండ్రు మొరపెట్టిరి.

.405 కన్న .375 లోతుగా దిగునన్న మాట నిస్సందేహము. ఏనుగునకును, అడవిదున్నకును .405 చాలదన్న నిపుణుల మాటయు త్రోసివేయరానిది. మరి ఆండర్సన్ దానినే ఏల వదలలేదు? మాకు తోచినది చెప్పెదము. ఆయన వేట నూరు గజముల దూరమున జరుగునది కాదు. మంచె మీద, చీకటిలో, తుపాకికి బిగించిన టార్చి వెలుతురున, కొలది గజముల దూరమున రెండు కన్నులు మెరసిన క్షణమున జరుగునది. అచ్చట సెకనుకు మున్నూరు అడుగుల అధిక వేగము చేయు సాయము స్వల్పము. తడుముకొనకుండ మీటను లాగగల చేయి చేయు సాయము అధికము. ఇరువదేండ్లు పట్టిన పిడి అరచేతికి తెలియును. ఇది పాతది యెల్ల మేలన్న వాదము కాదు. ఏనుగు వేటకు .405తో పొమ్మని మేము ఎవరికిని చెప్పము.

మేము ఉపాధ్యాయ శిక్షణకై తిరుపతిలో నుండిన దినములలో ఒక ఆదివారము భాకరాపేట మీదుగా తలకోనకు పోయితిమి. చామల లోయ ఆ కొండలలోనిదే. ఆండర్సన్ మొదటి గ్రంథమున ఆ లోయలోని పెద్దపులి కథ కలదు. మేము దానిని అప్పటికే చదివియుంటిమి. పట్టపగలు బస్సులో కూర్చుండియు ఆ పొదల వంక చూచుటకు మాకు జంకు కలిగెనని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

ప్రభుత్వ లెక్కల ప్రకారము 1939 మొదలు 1966 వరకు ఆండర్సన్ కాల్చిన నరభక్షకములు 7 పులులు, 8 చిరుతలు. ఆ నడుమనే ఆయన తుపాకి వంటి తుపాకుల తయారీ నిలిచిపోయెను, కొన్నేండ్లకు తూటాల తయారీయు ఆగెను. అమెరికాలో అవి మరల వెలువడినది 2000వ సంవత్సర ప్రాంతమున మాత్రమే. ఆయన కథలలో కొన్నింటికి రంగులద్దెనని శంకించువారు కలరు. అది వేరొక చర్చ.

కడపటి కాలమున ఆయన తుపాకికి బదులు కెమెరాను పట్టి అడవులలో తిరిగెను, వన్యమృగములను కాపాడవలెనని వ్రాసెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి పులి వేట నేరమయ్యెను. 1974 ఆగస్టు 30న బెంగుళూరులో పుట్టకురుపు వ్యాధితో ఆయన కన్ను మూసెను. పాత అడవులను గురించి ఆయన వ్రాసిన కడపటి గ్రంథము 1976లో వెలువడినది.