నేర్చుకొంటూ నేర్పిన గురువు – గిడుగు రామమూర్తి పంతులుగారు

1880వ సంవత్సరంలో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పదిహేడేళ్ల ప్రాయపు యువకుడొకడు 30 రూపాయల జీతంమీద ఉపాధ్యాయుడుగా ప్రవేశించాడు. చిన్న తరగతులకు చరిత్ర బోధించడం అతని పని. అప్పటికి అతడు ఉత్తీర్ణుడైనది మెట్రిక్యులేషను పరీక్షలో మాత్రమే. ఆ జీతంతో, ఆ చదువుతో తృప్తిపడి కాలం గడుపుకొన్నట్లయితే లోకం అతనిని ఎరిగి ఉండేది కాదు. ఆ యువకుడే తరువాతి కాలంలో ఆంధ్రదేశమంతటా సుప్రసిద్ధులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ వారికి సహాధ్యాయి. ఉద్యోగంలో చేరిన పిమ్మట వారి విద్యాభ్యాసం ఆగలేదు సరిగదా, అసలు అప్పుడే ఆరంభమైనదని చెప్పవచ్చు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, ఇంటివద్ద స్వయంగా చదువుకొని, 1896లో బి.ఎ. పట్టం పొందారు. తరువాత కళాశాల తరగతులకు సైతం బోధించే అర్హత వారికి లభించింది.

అయితే పంతులుగారి జ్ఞానతృష్ణ పరీక్షలతో తీరేది కాదు. చరిత్ర చెప్పే ఉపాధ్యాయునికి చరిత్ర గ్రంథాలలో ఉన్నంతమాత్రం తెలిస్తే చాలునా అన్న శంక వారిని వదలలేదు. శ్రీముఖలింగ దేవాలయాల గోడలమీద శాసనాలున్నవి. వాటిని చదవడం నేర్పే గురువు దగ్గరలో లేడు. వారు గ్రంథాలు తెప్పించుకొని, ప్రాచీన లిపులను తమంతట తామే అభ్యసించి, ఆ శాసనాలను చదివారు. గాంగరాజుల చరిత్రను గురించి వ్యాసాలు ప్రకటించారు.

పర్లాకిమిడికి సమీపంలోని కొండలలో సవరలు నివసిస్తారు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే తెలుగో, ఒరియాయో వాడడమే గాని, వారి మాటలోనే వారికి చదువు చెప్పవచ్చునన్న ఆలోచన నాడు ఎవరికీ తోచలేదు. పంతులుగారు ముందుగా తామే శిష్యులైనారు. సవర భాషా తెలుగూ రెండూ ఎరిగిన వ్యక్తినొకనిని తమ ఇంట ఉంచుకొని అతనివద్ద ఆ భాష నేర్చుకొన్నారు. అధ్యాపకుడు ఒక సామాన్యుని ఎదుట విద్యార్థియై కూర్చొనడం నాటి సమాజంలో చిన్న విషయం కాదు. అటుపిమ్మట సవర భాషలో పుస్తకాలు వ్రాశారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే విద్య నేర్పించారు. ప్రభుత్వం సంతోషించి పారితోషికం ఇవ్వబోగా దానిని నిరాకరించి, ఆ ధనంతో సవరల కొరకు మంచి పాఠశాల నడపవలసిందని కోరారు.

ఈ కృషికి వారు చెల్లించిన మూల్యం అధికం. కొండలలో కాలినడకన తిరిగి మన్యపుజ్వరం తెచ్చుకొన్నారు. దానికి వాడిన క్వయినా మూలంగా వినికిడి పోయింది. మనుష్యుల నోట పలికే మాటనే జీవితసర్వస్వంగా ఎంచుకొన్న భాషావేత్తకు ఆ మాట వినబడకపోవడం కంటె కష్టమేమున్నది? అయినా వారు ఉద్యమం మానలేదు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించారు. 1938లో నిఘంటువు వెలువడింది.

సవర పిల్లవానికి పరాయి భాషలో చదువు ఎంత భారమో చూచిన పంతులుగారికి తెలుగు పిల్లవాని అవస్థ బోధపడడం కష్టం కాలేదు. 1906 ప్రాంతంలో యేట్సు అనే పాఠశాలల పర్యవేక్షకుడు, తెలుగువారు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత దూరమెందుకని ప్రశ్నించాడు. గురజాడవారు, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు శ్రీనివాస అయ్యంగారు, పంతులుగారు ఆ ప్రశ్నను తమదిగా స్వీకరించారు. నాడు విద్యార్థి శక్తి యావత్తూ విషయం గ్రహించడానికి గాక, వాడుకలో లేని రూపాలను కంఠస్థం చేయడానికే వ్యయమయ్యేది.

1911లో ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారు విశ్రాంతి కోరక ఊరూరా తిరిగి ఉపన్యసించారు. పూర్వ పండితులు తమ వ్యాఖ్యానాలలో వాడుకభాషనే వ్రాశారని ప్రాచీన గ్రంథాలనుండే ఉదాహరణలు చూపారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ప్రతిపక్షంవారూ సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులు వంటి విద్వాంసులు భాష చెడిపోతుందన్న నిజమైన భయంతోనే ఎదిరించారు. పాఠశాల వ్యాసరచనలో వాడుకభాషకు లభించిన అనుమతి కొద్దికాలానికే రద్దయింది. చివరకు 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది. పాఠ్యపుస్తకాలలో ఆ భాష స్థిరపడడం మాత్రం పంతులుగారు కన్నులారా చూడలేదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరును విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న పరమపదించారు.

వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆనాటి సభలలో వాడుకభాషోద్యమాన్ని స్మరించడం ఉచితమే. కాని ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు స్మరించవలసినది ఇంకొకటి ఉన్నది. పంతులుగారికి విద్యాలోకంలో అగ్రస్థానం ఇచ్చినది పదవి కాదు. శాసనం ఎదుట, సవర ఎదుట, చివరకు తన తరగతిలోని పిల్లవాని నోటిమాట ఎదుట కూడ, నాకింకా తెలియదని ఒప్పుకోగల వినయమే వారికి ఆ స్థానమిచ్చింది. ఉపాధ్యాయుడు చదవడం మానిన నాటినుండి పాఠం పాచిపోతుంది. పంతులుగారి పాఠం అరువదేళ్లపాటు పాచిపోలేదు.