పాతిక రూపాయల స్కాలర్‌షిప్పు నుంచి మూడు లక్షల పద్దు దాకా

ఏ ఊళ్లో సంక్షేమ హాస్టలుకు వెళ్లినా గోడమీద డాక్టర్ అంబేద్కర్ పటం కనిపిస్తుంది. ఏప్రిల్ 14 రాగానే దానికి పూలదండ పడుతుంది. రాజ్యాంగం రాసిన మహనీయుడని పిల్లలు ముక్తకంఠంతో చెబుతారు. తమకు వచ్చే స్కాలర్‌షిప్పు కేంద్ర ప్రభుత్వ పద్దుల్లోకి ఎక్కడానికి కూడా ఆయనే కారకుడని చెప్పగలిగేవారు తక్కువ. ఆ పద్దు వెనుక ఆయన సొంత చదువు కథ ఉంది. అది ఒక మహారాజు దయతో, ఒక ఒడంబడిక కాగితంతో, ఒక స్నేహితుడి అప్పుతో సాగిన చదువు.

భీమరావు 1891లో మధ్య భారతంలోని మౌ కంటోన్మెంటులో పుట్టారు. పద్నాలుగో సంతానం. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆయన పింఛను తీసుకున్న కొన్నేళ్లకు కుటుంబం బొంబాయి చేరి పరేల్ ప్రాంతంలో కూలీలుండే చాళ్లలో ఒక గది అద్దెకు తీసుకుంది. వంట, పడక, చదువు అన్నీ ఆ ఒక్క గదిలోనే. కొడుకు చదువుకోవడానికి చోటుండాలని తండ్రి అతణ్ణి తొలిరాత్రే పడుకోబెట్టి, తెల్లవారుజామున రెండు గంటలకు లేపేవారు. ఇద్దరు కొడుకులను చదివించే స్తోమతు లేక అన్న ఆనందరావు చదువు మాని పనిలో చేరవలసి వచ్చింది.

పుస్తకం కావాలని భీమరావు అడిగితే సుబేదారు కాదనేవారు కారు. చేతిలో డబ్బులేకపోతే పెళ్లయి అదే నగరంలో ఉన్న కూతుళ్ల ఇంటికి వెళ్లేవారు. ఒక కూతురు దగ్గర లేకపోతే మరో కూతురు దగ్గర ఏదో ఒక నగ అడిగి తెచ్చి మార్వాడీ దగ్గర తాకట్టు పెట్టేవారు. నెల తిరిగి పింఛను అందగానే విడిపించి ఇచ్చేవారు. ఆ ఇంట్లో చదువుకు తొలి అప్పు అక్కల నగలమీద పుట్టింది.

1907లో భీమరావు ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్ పాసయ్యారు. 750కి 282 మార్కులు. నేటి పిల్లలు చూస్తే పెదవి విరుస్తారు. ఆనాడు మహర్ కులంలో అదే పెద్ద వార్త. పేటవారు సభపెట్టి సన్మానం చేశారు. కృష్ణాజీ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని చరిత్రను ఆ సభలో బహూకరించారు. ఇంటర్ పూర్తయ్యేసరికి తండ్రి చేతిలో పైకం అయిపోయింది. చదువు ఆగిపోయే సమయాన కేలుస్కరే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ వద్దకు వెళ్లారు.

శాయాజీరావు చదువు విలువ తెలిసిన ప్రభువు. తన సంస్థానమంతటా 1906లోనే నిర్బంధ ప్రాథమిక విద్య ప్రవేశపెట్టారు. కుర్రవాణ్ణి కొన్ని ప్రశ్నలడిగి, జవాబులు నచ్చి, నెలకు 25 రూపాయల వేతనం మంజూరు చేశారు. కళాశాలలో ముల్లర్ అనే ప్రొఫెసరు పుస్తకాలతోపాటు తొడుక్కోవడానికి చొక్కాలు కూడా ఇచ్చేవారు. భీమరావు 1912లో బి.ఎ. పూర్తిచేశారు.

1913 జనవరిలో బరోడా సంస్థాన సైన్యంలో లెఫ్టినెంటుగా చేరిన కొద్ది రోజులకే తండ్రికి జబ్బుగా ఉన్నట్టు తంతి వచ్చింది. ఫిబ్రవరి 2న సుబేదారు కన్నుమూశారు. కొడుకు చదువుకోసం చేసిన అప్పులు మిగిలాయి.

పదేళ్ల ఒడంబడిక

అప్పట్లో మహారాజు కొందరు విద్యార్థులను పైచదువులకు అమెరికా పంపదలచారు. భీమరావు దరఖాస్తు చేసుకుని ఎంపికయ్యారు. నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఇస్తారు. ఊరికే ఇవ్వలేదు. చెప్పిన చదువే చదవాలి, చదువు పూర్తికాగానే తిరిగివచ్చి పదేళ్లు బరోడా కొలువులో పనిచేయాలి. 1913 జూన్ 4న ఆ షరతులున్న ఒడంబడికమీద ఆయన సంతకం చేశారు. నేటి భాషలో చెప్పాలంటే అది సగం ఉపకార వేతనం, సగం బాకీ.

జూలైలో న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. వచ్చే సొమ్ములోనే మిగిల్చి ఇంట్లో ఉన్న భార్య రమాబాయికి పంపాలి. సినిమాలు, షికార్లు మానుకున్నారు. ఉన్న ఒక్క వ్యసనం పాత పుస్తకాల దుకాణాలు. అక్కడ సుమారు రెండువేల పుస్తకాలు కొన్నారని జీవిత చరిత్రకారులు రాశారు. 1915లో ఎం.ఎ. అయింది. 1916లో భారత దేశ జాతీయాదాయంపై పరిశోధన వ్యాసం సమర్పించి, లండను వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టరు చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. మూడేళ్ల గడువుపై కొంతకాలమే పొడిగింపు దొరికింది. అది తీరగానే రమ్మని బరోడా దివాను కబురుచేశారు. నాలుగేళ్లలోగా వచ్చి చదువు పూర్తి చేసుకోవచ్చని విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకుని 1917 ఆగస్టులో బొంబాయిలో దిగారు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. పెట్టెలు వేరే ఓడలో వేస్తే శత్రువుల దెబ్బకు ఆ ఓడ మునిగిపోయింది. పోయిన సామానుకు వచ్చిన నష్టపరిహారం సొమ్ముతోనే బరోడాకు ప్రయాణమయ్యారు.

మాటకు కట్టుబడి బాకీ తీర్చడానికి వెళ్లిన మనిషికి బరోడాలో తలదాచుకునే చోటు దొరకలేదు. హిందువుల సత్రాలలో రానివ్వరు. పేరు మార్చుకుని ఒక పార్సీల సత్రంలో మేడమీద గదిలో దిగారు. రోజుకు రూపాయిన్నర అద్దె. కచేరీలో ఆయన బల్లమీదికి బంట్రోతులు ఫైళ్లు దూరం నుంచి విసిరేవారు. తాగడానికి నీళ్లు దొరికేవి కావు. పదకొండోరోజు పొద్దున డజనుమంది పార్సీలు కర్రలతో వచ్చి గదికి అడ్డంగా నిలబడ్డారు. సత్రాన్ని మైలపరచావని తిట్టి సాయంత్రానికల్లా ఖాళీచేయమన్నారు. తెలిసిన ఇద్దరు స్నేహితుల ఇళ్లకు వెళితే వారూ ఏదో సాకు చెప్పారు. కొలంబియాలో ఎం.ఎ. చదివిన సంస్థాన ఉద్యోగి ఒక తోటలో చెట్టుకింద కూర్చుని సాయంత్రందాకా గడిపి రాత్రి బండికి బొంబాయి తిరిగివెళ్లిపోయారు.

మహారాజు ఇచ్చిన పైకం న్యూయార్కులో ఫీజు కట్టింది, గది ఇప్పించింది. సొంత సంస్థానంలో మాత్రం గది ఇప్పించలేకపోయింది. పదేళ్ల కొలువు కొద్దిరోజులతోనే ముగిసింది. చదువుకు పెట్టిన ఖర్చు తిరిగి కట్టమని బరోడా కచేరీ నుంచి తర్వాత తాకీదులు వచ్చాయి. తప్పెవరిదైనా ఒడంబడిక కాగితం మీద సంతకం మాత్రం ఆయనదే కదా. ఇంత జరిగినా ఆయనకు శాయాజీరావుపై గౌరవం తగ్గలేదు. 1930లో లండనులో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి స్కాలర్‌షిప్పు ఇచ్చిన మహారాజూ వచ్చారు, తీసుకున్న విద్యార్థీ వచ్చారు.

మిగిలిన చదువును ఆయన వదలలేదు. 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది. నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో పెద్ద జీతమే అయినా కాపురం పాత చాళ్లోనే. రమాబాయికి ఇంటి ఖర్చుకు లెక్కగా ఇచ్చి తక్కినది దాచారు. అది చాలక న్యూయార్కునాటి పార్సీ మిత్రుడు నవల్ భతేనా దగ్గర ఐదువేల రూపాయలు అప్పు తీసుకున్నారు. కొల్హాపూర్ శాహూ మహారాజు కొంత సాయం చేశారు. 1920లో మళ్లీ ఓడ ఎక్కారు.

ఈసారి నెలనెలా వేతనం వచ్చే దారి లేదు. పొద్దున ఒక రొట్టెముక్క, టీ. పగలంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం. రాత్రి ఆకలేస్తే మన దేశంనుంచి తెచ్చుకున్న అప్పడాలు కాల్చుకుని తినేవారు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. రూపాయి సమస్యపై రాసిన డి.ఎస్సీ. గ్రంథాన్ని మార్చి ఇమ్మని పరీక్షకులు కోరేసరికి డబ్బు అడుగంటింది. 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చి, ఇక్కడే దాన్ని తిరగరాసి పంపి ఆ ఏడాదే డాక్టరేటు పొందారు. బారిస్టరైనా హైకోర్టులో సనదుకు కట్టే రుసుం చేతిలో లేదు. ఆ 500 రూపాయలూ భతేనాయే సర్దారు.

శాసన మండలిలో లెక్కలు

1927లో బొంబాయి శాసన మండలి సభ్యుడయ్యాక ఆయన మొదట పట్టుకున్నవాటిలో విద్యా పద్దు ఒకటి. ప్రభుత్వం తలకు 14 అణాలు విద్యకు ఖర్చుచేస్తూ, ఎక్సైజు కింద తలకు రెండు రూపాయల పైచిలుకు వసూలు చేస్తున్నదని లెక్క చూపించారు. కల్లు, సారా మీద ప్రజలనుంచి తీసుకున్నంతైనా చదువు రూపంలో వారికి తిరిగి రావాలని వాదించారు. ఆర్ట్స్ కళాశాలల ఖర్చులో నూటికి 36 వంతులు, హైస్కూళ్ల ఖర్చులో 31 వంతులు విద్యార్థుల ఫీజులనుంచే వస్తున్నాయని, ఇది విద్యను వ్యాపారం చేయడమేనని నిలదీశారు. ఫీజు గడువు దగ్గరపడితే వడ్డీవ్యాపారి గడపతొక్కే తల్లిదండ్రులకు ఆ లెక్క ఈనాడూ కొత్తగా అనిపించదు.

స్కాలర్‌షిప్పుతో చదివిన ఆయనే, చిన్న తరగతుల పిల్లలకు నగదుగా ఇచ్చే స్కాలర్‌షిప్పులను అంతగా మెచ్చలేదు. పేద తండ్రి ఆ డబ్బును ఇంటి ఖర్చుకు వాడుకుంటాడని, పిల్లవాడు బడి మానేస్తాడని ఆయనకు తెలుసు. ఆ సొమ్ముతో హాస్టళ్లు పెట్టాలని ఆయన కోరిక. ఆయన నెలకొల్పిన బహిష్కృత హితకారిణి సభ 1925 జనవరిలోనే షోలాపూర్‌లో ఒక హాస్టలు తెరిచింది. కొడుకు చదువుకోసం కూతుళ్ల నగలు అడిగిన ఇంట్లో పెరిగినవానికి పేదింట్లో రూపాయి ఎలా కరిగిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు. దేశంలో యుద్ధకాలపు ఇక్కట్లు. అయినా అక్టోబరులోనే షెడ్యూల్డు కులాల ఇబ్బందులపై వివరమైన వినతిపత్రాన్ని వైస్రాయి లిన్‌లిత్‌గోకు అందజేశారు. అలీగఢ్, కాశీ విశ్వవిద్యాలయాలకు కేంద్రం ఏటా గ్రాంటు ఇస్తున్నప్పుడు షెడ్యూల్డు కులాల పైచదువులకు ఎందుకివ్వరన్నది అందులోని ముఖ్యమైన ప్రశ్న. ఏటా మూడు లక్షలు కోరారు. అందులో రెండు లక్షలు ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో శాస్త్ర, సాంకేతిక విద్యలకు, లక్ష విదేశీ చదువులకు. వైద్యం, ఇంజనీరింగు వంటి చదువుల ఖర్చు పేదవారు భరించలేరు గనుకనే వాటికి ప్రాధాన్యం ఇమ్మన్నారు. ఏటా మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో మొదలైన ఆ పథకమే పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పులకు పునాది. తర్వాత గిరిజన విద్యార్థులకూ దాన్ని వర్తింపజేశారు. కొందరు షెడ్యూల్డు కులాల విద్యార్థులు ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లండు, అమెరికా వెళ్లారు.

ఆయనకు దొరికిన సాయానికీ, ఆయన ఇప్పించినదానికీ తేడా ఉంది. ఆయన చదువు ఆగిపోకుండా ఉండటానికి ఒక కేలుస్కర్ తారసపడాలి, ఒక మహారాజు మెచ్చాలి. ఆ ఇద్దరూ ఎదురుకాని మహర్ పిల్లలు ఆ కాలంలో ఎందరో. పద్దులో చేరిన సొమ్ముకు దరఖాస్తు చేస్తే చాలు, ఎవరి దర్బారులోనూ నిలబడనక్కరలేదు. దరఖాస్తు పెట్టిన పిల్లలు డబ్బుకోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగడం వేరే కథ.

రాజ్యాంగంలోని 46వ అధికరణం బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యా ప్రయోజనాలను కాపాడవలసిన బాధ్యత రాజ్యానిదేనని చెబుతుంది.

1945లో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. 1946 జూన్‌లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాదులో తర్వాత మిళింద్ కళాశాలగా పేరుపొందిన విద్యాసంస్థ ప్రారంభమయ్యాయి. అప్పటికి ఔరంగాబాదు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ ఏడాదికి సరిగ్గా నలభై ఏళ్ల కిందటే ఆయన బరోడా కాగితంమీద సంతకం చేశారు.

చివరి రోజుల్లో ఆయనకొక బాధ ఉండేది. 1956 మార్చిలో ఆగ్రా సభలో దాన్ని దాచుకోకుండా చెప్పారు. చదువుకుని పైకివచ్చినవారు తమ జాతికి అండగా ఉంటారనుకుంటే, చాలామంది గుమాస్తాలై తమ పొట్ట తాము నింపుకుంటున్నారని వాపోయారు. ఆ మాట విన్నవారిలో ప్రభుత్వ వేతనంతో చదివినవారూ ఉండే ఉంటారు. తన చదువుకు బరోడా పదేళ్ల కొలువు రాయించుకుంది. తాను ఇప్పించిన వేతనానికి మాత్రం ఆయన ఎవరిచేతా ఏ ఒడంబడికా రాయించుకోలేదు.

ఆ ఏడాది డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన మరణించారు. భౌతికకాయాన్ని విమానంలో బొంబాయికి తెచ్చి, పుస్తకాల కోసమే ప్రత్యేకంగా కట్టించుకున్న దాదర్ ఇల్లు రాజగృహలో ప్రజల దర్శనానికి ఉంచారు.