గ్రాంటు ఇచ్చినవాడే గొంతు పట్టుకుంటే: మేఘనాద్ సాహా జీవితం

ఫిజిక్స్ విద్యార్థులకు మేఘనాద్ సాహా ఒక సమీకరణంగా తెలుసు. నక్షత్రం నుంచి వచ్చే కాంతిని బట్టి అక్కడ వేడి ఎంతుందో, ఏ మూలకం ఏ స్థితిలో ఉందో లెక్కగట్టే దారి 1920లో చూపించింది ఆయనే. సర్కారు సొమ్ముతో నడిచే పరిశోధనా సంస్థ ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్నను పార్లమెంటు దాకా ఈడ్చుకెళ్లిందీ ఆయనే. ఈ రెండో సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు.

1893 అక్టోబర్ 6న ఢాకాకు దగ్గర్లోని శియోరాతలి అనే పల్లెలో పుట్టారు. తండ్రి జగన్నాథ్‌ది చిన్న కిరాణా కొట్టు. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదోవాడు. కులం శుండి. సారా అమ్మే కులమని పైకులాల వాళ్లు దూరం పెట్టేవాళ్లు. (ఇప్పటి పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో శుండి పేరుంది, సాహాలను మినహాయించి. కాబట్టి ఆయన్ని దళిత శాస్త్రవేత్త అని రాసేముందు ఈ వివరం గుర్తుంచుకోవాలి. అంటరానితనం రుచి మాత్రం ఆయనకు బాగా తెలుసు.) ఊళ్లో ప్రాథమిక బడికి మించి చదువు లేదు. సిమూలియా అనే ఊళ్లో అనంతకుమార్ దాస్ అనే డాక్టర్ తన ఇంట్లో ఉండి చదువుకోనిచ్చారు. అందుకు బదులుగా కుర్రాడు ఆవును చూసుకోవాలి, తిన్న కంచం తానే కడుక్కోవాలి.

ఢాకా జిల్లాలో మొదటివాడిగా పాసై, నెలకు 4 రూపాయల స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడు. జూట్ మిల్లులో పనిచేసే అన్న తన 20 రూపాయల జీతంలోంచి 5 పంపేవాడు. ఆ డబ్బుతో 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. అదే ఏడు బెంగాల్ విభజన జరిగింది. గవర్నర్ ఫుల్లర్ బడి చూడ్డానికి వచ్చినప్పుడు పిల్లలు నిరసన తెలిపారు. అందులో ఉన్నందుకు సాహాను బడి నుంచి పంపించేశారు, స్కాలర్‌షిప్ కూడా తీసేశారు. పన్నెండేళ్ల వయసుకే ఆ పిల్లవాడికి ఒక విషయం అర్థమై ఉంటుందని నా ఊహ: సర్కారు ఇచ్చే డబ్బు తీగకు కట్టి ఉంటుంది, నచ్చనప్పుడు లాగేసుకుంటారు. ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందో, ఏ సాకుతో ఆగుతుందో తెలియని మన క్యాంపస్ పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చారు. సత్యేంద్రనాథ్ బోస్ క్లాస్‌మేట్. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. అంతటి కాలేజీ హాస్టల్లో, పక్కన కూర్చుని తినడానికి వీల్లేదని తోటి విద్యార్థులు గొడవ చేశారు. సరస్వతీ పూజ దగ్గరా అదే అవమానం. పుట్టిన రాత్రి గాలివాన వచ్చిందని ఇంట్లో పెట్టిన పేరు మేఘనాథ్. దాన్ని ఆయన మేఘనాద్‌గా మార్చుకున్నారు. మేఘనాదుడంటే రావణుడి కొడుకు ఇంద్రజిత్తు. దేవతల పక్షం వదిలి రాక్షసుల పక్షం చేరిన ఆ పేరులోనే ఆయన జవాబు ఉందని చాలామంది అంటారు, నేనూ అలాగే చదువుకుంటాను.

విప్లవకారులతో పరిచయాలున్నాయని ఫైనాన్స్ సర్వీస్ పరీక్ష రాయనివ్వలేదు. అందువల్లే సైన్స్‌లో మిగిలారు. ఆ తర్వాత లండన్, బెర్లిన్, అలహాబాద్, 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వం. ఇవన్నీ తెలిసినవే. 1935లో సైన్స్ అండ్ కల్చర్ పత్రిక మొదలుపెట్టారు. 1938లో సుభాష్ చంద్ర బోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పాటు వెనక సాహా పట్టుదల ఉంది. ఆధునిక సైన్సంతా వేదాల్లోనే ఉందనే వాళ్లను ఆ రోజుల్లోనే బెంగాలీ పత్రికలో ఉతికి ఆరేశారు.

ప్రభుత్వం సైన్స్ మీద ఖర్చు పెట్టాలని జీవితమంతా అడిగిన మనిషి ఆయన. ప్రభుత్వం దూరంగా ఉండాలని ఎప్పుడూ అనలేదు. తేడా ఎక్కడ వచ్చిందంటే అణుశక్తి దగ్గర. 1948లో అణుశక్తి చట్టం తెచ్చారు. పరిశోధన వివరాలను రహస్యంగా ఉంచే అధికారం సర్కారు చేతికి వచ్చింది. అణుశక్తి సంఘంలో ముగ్గురు: హోమీ భాభా, భట్నాగర్, కె.ఎస్. కృష్ణన్. సాహా లేరు. అణుభౌతిక శాస్త్రాన్ని దేశంలో ఎమ్మెస్సీ పాఠంగా చేర్చి, కలకత్తాలో సైక్లోట్రాన్ కోసం ఏళ్ల తరబడి తిప్పలు పడిన మనిషి బయటే ఉండిపోయారు. భాభా బొంబాయి సంపన్న పార్సీ కుటుంబం నుంచి వచ్చినవాడు, టాటాలకు బంధువు, నెహ్రూకు నేరుగా మాట చెప్పగలిగినవాడు. కిరాణా కొట్టు కొడుక్కి ఆ తలుపు లేదు. భాభా ప్రతిభ తక్కువని కాదు. ఎవరి గొంతు ఎవరి గదిలోకి వెళ్తుందన్నది ప్రతిభ ఒక్కదానితో తేలదు.

సాహా అభ్యంతరం తన కుర్చీ గురించే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆయన వాదన వేరు. ముందు విశ్వవిద్యాలయాల్లో మనుషులను తయారు చేయాలి. డబ్బంతా విడిగా కట్టిన సర్కారు ల్యాబులకు పోతే యూనివర్సిటీలు ఎండిపోతాయి. ఆ మాట ఎవరికి తగులుతుందో చూడండి. మొదటి తరం విద్యార్థి సైన్స్‌ను కలుసుకునే చోటు జిల్లా కాలేజీ, రాష్ట్ర యూనివర్సిటీ. ల్యాబు గేటు దాకా వచ్చేది ఆ తర్వాతే.

1950 జనవరిలో ఇరేన్ జోలియో క్యూరీ చేతుల మీదుగా కలకత్తాలో ఆయన కట్టిన అణుభౌతిక సంస్థ మొదలైంది. కేంద్రం గ్రాంటు కావాలి, పాలన మాత్రం కలకత్తా విశ్వవిద్యాలయంతో ముడిపడి ఉండాలి అని పట్టుబట్టారు. ఢిల్లీతో ఆ పేచీ చివరిదాకా తెగలేదు.

1952లో కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా, వామపక్షాల మద్దతుతో లోక్‌సభకు గెలిచారు. 1954 మే 10న ఆయన చొరవతోనే అణుశక్తి మీద సభలో చర్చ జరిగింది. ప్రజల డబ్బుతో జరిగే పనిని ప్రజాప్రతినిధులకు చెప్పకుండా ఎలా నడుపుతారని నిలదీశారు. నెహ్రూ జవాబిచ్చారు. మూడు నెలలు తిరక్కుండానే అణుశక్తి శాఖ ప్రత్యేకంగా ఏర్పడింది, ప్రధాని చేతి కింద, భాభా కార్యదర్శిగా.

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని చెంచులు రోడ్డెక్కినప్పుడు వాళ్లు ఎదుర్కొన్నది ఆ శాఖ కిందున్న సంస్థనే.

సాహాను విమర్శించాల్సిన చోటు కూడా ఉంది. దామోదర్ నది వరదలకు అమెరికా టెన్నెసీ లోయ తరహా ఆనకట్టలే మందని నమ్మి, దామోదర్ లోయ పథకానికి గట్టిగా వాదించారు. మైథన్, పంచేత్ ఆనకట్టల కింద మునిగిన ఊళ్లలో సంతాల్ ఊళ్లు ఎన్నో. శాస్త్రవేత్త మాట సర్కారు వినాలని కోరిన ఆయన, మునిగిపోయేవాళ్ల మాట ఎవరు వినాలో అంత గట్టిగా అడగలేదు.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ దారిలో గుండెపోటుతో కూలిపోయారు. అప్పటికి వయసు 62. తర్వాత కలకత్తా సంస్థకు ఆయన పేరు పెట్టారు. 1962లో వచ్చిన కొత్త అణుశక్తి చట్టంలోనూ గోప్యత అలాగే నిలిచింది. సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ ఇప్పుడు నడుస్తున్నది అణుశక్తి శాఖ కిందే.