పాల్కురికి సోమనాథుని చరిత్రము: వృద్ధుల యొంటరితనము



పూర్వకవుల చరిత్రములను స్మరించుట కేవలము గర్వపడుటకు గాదు; మన గృహములను జక్కదిద్దుకొనుటకును అవి యుపకరింపవలెను. నేఁడు మన పల్లెలలో ముసలివారి యొంటరితనము పెరుగుచున్నది. అందుచేత నీ సీమలోనే పుట్టిన సోమనాథుని జీవితమును ఆ దృష్టితో విన్నవింపఁ దలఁచితిని.

ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి యీ మహాకవి జన్మస్థలము. తండ్రి విష్ణురామిదేవుఁడు, తల్లి శ్రియాదేవి, గురువు కరస్థలి విశ్వనాథయ్య. ఇతని కాలమును గూర్చి పండితులలో భేదము గలదు. పండ్రెండవ శతాబ్ది చివర పుట్టినవాఁడని కొందఱును, ప్రతాపరుద్రుని కాలమువాఁడని కొందఱును జెప్పుదురు. కాకతీయుల యేలుబడిలోనివాఁడనుట మాత్రము స్పష్టము.

సంస్కృతాంధ్ర కర్ణాట భాషలయం దితనికి సమానమైన ప్రవేశము గలదు. వేదప్రమాణములతో చతుర్వేదసారమును, భక్తితో వృషాధిపశతకమును రచించెను. అంతటి విద్వాంసుఁడయ్యు బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును దేశియగు ద్విపదలోనే వ్రాసెను. ఒకఁడు చదువఁగా పదిమంది చుట్టును గూర్చుండి విని, వెంట పాడుకొన నగు ఛందస్సది. అక్షరము రాని ముదుసలికి సయితము ఆ గోష్ఠిలో చోటు కలదు.

బసవపురాణమునందు బెజ్జమహాదేవి కథ మిక్కిలి హృద్యమైనది. శివునకు తల్లి లేదను తలంపు ఆమెను బాధించెను. తల్లియే యున్నచో విషము త్రావనిచ్చునా, బిచ్చమెత్తనిచ్చునా యని వగచి, తానే తల్లియై లింగమునకు నూనె యంటి, నీరార్చి, కాటుక దిద్ది, పాలిచ్చి పెంచెను. దిక్కు లేనివానిని జూచినప్పుడు కానుక పంపుట యామెకు తోఁచలేదు. చుట్టఱికము కలుపుకొనవలెనని తోఁచెను. ఈ కథలో తల్లి లేని బిడ్డకు తల్లి దొరకెను. మన యిరుగుపొరుగున బిడ్డలు దగ్గఱ లేని తల్లు లెందఱో కలరు. వారికి బిడ్డలు కావలసినది మనమే.

పండితారాధ్య చరిత్రములో మఱియొక ఘట్టము కలదు. మల్లికార్జున పండితారాధ్యుఁడు బసవేశ్వరుని దర్శింప బయలుదేరెను. త్రోవలోనే బసవని లింగైక్యవార్త చెవిఁ బడెను. అప్పు డాతఁడు పడిన శోకమును సోమనాథుఁడు గుండె కరుగునట్లు వర్ణించెను. ఈ పండుగకు వీలుపడదు, వచ్చు పండుగకు జూతమని తల్లిదండ్రుల దర్శనము వాయిదా వేయువారు ఈ ఘట్టమును చదువవలెను. ఆ గ్రంథముననే పర్వతప్రకరణమున శ్రీశైల యాత్రికులు పాడుకొను తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మొదలగువానిని పేర్కొనెను. ఆ కాలపు ప్రజల సామూహిక జీవనము మనకు దానివలన తెలియుచున్నది.

తుదకు సోమనాథుఁడు కన్నడదేశమున కేగి, మాగడి చెంతనున్న కల్యలో లింగైక్యమందెనని సంప్రదాయము. పుట్టిన యూరు విడిచినను ఆతఁ డొంటివాఁడు గాలేదు. ఆతని మాట ఆ దేశమునను వేళ్లూనెను. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున రచించెను.

ఇఁక మన కర్తవ్యము. 2007 సంవత్సరపు తల్లిదండ్రుల పోషణ చట్టము వృద్ధులకు భరణము నిప్పింపఁగలదు. బిడ్డలు లేనివారికి వారి యాస్తిని అనుభవించు బంధువులను సయితము బాధ్యులను జేసినది. కాని మాటాడువానిని ఏ చట్టమును ఇప్పింపలేదు. నేను ఉద్యోగము విరమించిన పిదప ఒక పల్లెలో ఒక యవ్వను చూచితిని. కొడుకు నెలనెల సొమ్ము పంపును. ఇంట బియ్యము నిండుగా నున్నవి. అయినను తానొక్కతెకై వండుకొనుట యేలయని రాత్రిపూట పొయ్యి రాజేయుట మానెను. మేము నలుగురము గుడి యరుగుపై సాయంకాలము ద్విపద చదువ మొదలిడితిమి. మూఁడవనాఁడు ఆమె వచ్చి దూరముగా గూర్చుండెను. వారము తిరుగకమున్నే నా రాగము సరిగా లేదని దిద్దెను! వినువారు దొరికినపుడు ముసలితనమునకు మరల నొక పని దొరకును.

కావున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలోని మన సంఘసభ్యులు ఊరూర వారమునకు రెండు సాయంకాలము లిట్టి గోష్ఠులు నడపవలెను. నడువలేనివారి యింటి ముంగిటనే గోష్ఠి జరుపవలెను. చదువు భారము యువకులది. తప్పులు దిద్దు నధికారము పెద్దలది. ఖర్చు లేని యీ సేవయే సోమనాథునకు మనము చెల్లింపఁగల నిజమైన నివాళి.

శుభమస్తు.