మేడమ్ వాకర్: గడప గడపా తిరిగిన వ్యాపారం

యలహంక న్యూ టౌన్‌లో మా పక్కింటి అక్క స్కూటీ డిక్కీలో దారం, వ్యాక్స్ డబ్బా, ఫేషియల్ క్రీములు పెట్టుకుని ఇళ్లకి వెళ్లి పార్లర్ పని చేస్తుంది. పొద్దున అట్టూరులో ఐబ్రోస్, మధ్యాహ్నం జక్కూరులో ఫేషియల్, సాయంత్రం మళ్లీ కోగిలు క్రాస్. నెలంతా తీరిక ఉండదు. కానీ నెలాఖరుకి పెట్రోలు, క్రీముల ఖర్చు పోగా మిగిలేది అంతంతమాత్రం. ఇంత తిరిగినా ఇంతేనా అని అక్క అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది, నూరేళ్ల కిందట అమెరికాలో ఇలాగే ఇంటింటికీ తిరిగిన ఒకావిడ. ఈసారి ఆమె కథ చదవండి.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలోని డెల్టా దగ్గర, పత్తి పండించే ఒక ఎస్టేటులో పుట్టింది. అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్లు. బానిసత్వం పోయాక ఆ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ సారా. ఏడేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పద్నాలుగేళ్లకి పెళ్లి, 1885లో కూతురు లీలియా పుట్టింది, ఇరవయ్యేళ్లకి భర్త పోయాడు. బిడ్డను చంకనేసుకుని సెయింట్ లూయిస్ నగరానికి వెళ్లింది. అక్కడ ఆమె అన్నలు క్షౌరశాలలో పని చేసేవాళ్లు. సారా మాత్రం ఏళ్ల తరబడి ఊరివాళ్ల బట్టలు ఉతికింది. ఆ కూలి డబ్బులతోనే కూతుర్ని చదివించింది.

అప్పట్లో పేదల ఇళ్లలో కుళాయిలు లేవు. తలస్నానం ఎప్పుడో కానీ కుదిరేది కాదు. మాడు మీద పుండ్లు పడి చాలామంది ఆడవాళ్లకి జుట్టు ఊడిపోయేది. సారాకీ అదే జరిగింది. ఆనీ మలోన్ అనే మరో నల్లజాతి వ్యాపారి తయారుచేసే తల మందు వాడింది, ఆ సరుకునే కొన్నాళ్లు అమ్మింది కూడా. 1905లో డెన్వర్ చేరి తన సొంత మందు మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఛార్లెస్ జోసెఫ్ వాకర్ అనే పత్రికా ప్రకటనల మనిషిని పెళ్లాడి, మేడమ్ సి. జె. వాకర్ అన్న పేరుతో సరుకు అమ్మింది.

అసలు సంగతి ఇక్కడుంది. ఆమె డబ్బా చేతికిచ్చి డబ్బు తీసుకుని వెళ్లిపోలేదు. ఆడవాళ్లని కూర్చోబెట్టి, తల ఎలా కడగాలో, మందు ఎలా రాయాలో, ఎలా దువ్వాలో పదిమంది ముందు చేసి చూపించేది. దక్షిణ రాష్ట్రాల్లో ఊరూరా చర్చిల్లో, సంఘాల్లో ఇదే పని. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం పెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టారు గదా, అలాంటి తెలివే ఇదీ. వాడి చూసినవాళ్లు మళ్లీ అడుగుతారు. మేడమ్ వాకర్ ఊరు దాటి వెళ్లిపోయినా ఉత్తరాలు వచ్చేవి. డెన్వర్‌లో కూర్చుని లీలియా పోస్టులో సరుకు పంపేది. అమ్మ ఒక ఊళ్లో తిరుగుతుంటే, తిరిగొచ్చిన ఊళ్ల నుంచి ఆదాయం వస్తూనే ఉండేది.

అయినా రెండు చేతులతో రోజుకి ఎన్ని తలలు కడగగలం? అందుకే 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో బడి పెట్టి ఈ పని నేర్పింది. 1910లో రైలు దారులు కలిసే ఇండియనాపోలిస్‌కి మారి ఫ్యాక్టరీ కట్టింది. బట్టలుతికిన, వంటలు చేసిన వేలమంది ఆడవాళ్లు ఆమె ఏజెంట్లయ్యారు. రోజుకి పది డాలర్లు వస్తున్నాయి, ఇక చాలన్నాడు భర్త. చాలదంది ఆమె. చివరికి ఆ కాపురం నిలవలేదు.

1912లో షికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగింది. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆఖరి రోజు తనే లేచి నిలబడి, చాకిరేవు నుంచి ఫ్యాక్టరీ దాకా తన బతుకు చెప్పేసింది. మరుసటి ఏడు వాళ్లే పిలిచి మాట్లాడించారు.

నల్లజాతి ఆడవాళ్లని తెల్లవాళ్లలా తయారుచేస్తోందని ఆమెని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. తన పని జుట్టు ఆరోగ్యమేనని ఆమె వాదించింది. 1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్ల సభ పెట్టి, ఎక్కువ అమ్మినవాళ్లకే కాదు, ఎక్కువ దానం చేసినవాళ్లకీ బహుమతులిచ్చింది. 1919 మే 25న, యాభై ఒక్క ఏళ్లకి పోయింది. ఆపైన కంపెనీకి వచ్చే నికర లాభంలో మూడింట రెండు వంతులు దానాలకి పోవాలని వీలునామా రాసింది.

ఈ కథ అక్కకి చెప్పాను. ఇప్పుడు ఒక రోజంతా అట్టూరు, ఒక రోజంతా జక్కూరు అని పెట్టుకుంది. పెట్రోలు తగ్గింది. తను కలిపే నలుగుపిండి డబ్బాలు ప్రతి ఇంట్లో ఒకటి ఇచ్చి వస్తోంది. అయిపోయినవాళ్లు ఫోన్ చేస్తున్నారు. వచ్చే నెల నుంచి పని నేర్చుకోవడానికి ఒకమ్మాయి వస్తానంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పని చేస్తుంటే, ఒక నెల లెక్క కాగితం మీద రాసి చూడండి. తిరగడానికి ఎంత పోయింది, చేతి పనికి ఎంత వచ్చింది, మనం ఆ గడప దాటి వచ్చేశాక ఎంత వచ్చింది. ఆ మూడో గడి ఖాళీగా ఉంటే, మొదలుపెట్టాల్సింది అక్కడే.