గుఱ్ఱము జాషువ

మహాకవి గుఱ్ఱము జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. అంటరానితనము ఆయనను బాల్యమునుండియు బాధించెను. అయినను ఉపాధ్యాయవృత్తి నవలంబించి, పట్టుదలతో పద్యవిద్య నభ్యసించి, గొప్ప కవి యయ్యెను.

1941లో వెలువడిన ‘గబ్బిలము’లో, ఆలయప్రవేశమునకు నోచుకొనని యొక నిరుపేద, గుడిలోనికి స్వేచ్ఛగా పోగల గబ్బిలముచేత కాశీవిశ్వనాథునకు తన యాకలిబాధను విన్నవించుకొనును.

తరువాత ఆయన ‘క్రీస్తు చరిత్ర’ను పద్యకావ్యముగా రచించెను. క్రిస్మసు పండుగనాడు జనులు స్మరించు పశువులపాకలోని శిశువు దీనజనబాంధవుడైన గాథ యిది. దీనికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించెను.

జాషువ 1971 జూలై 24న గుంటూరులో కీర్తిశేషుడయ్యెను. శివునకు మొఱపెట్టిన కలముతోనే క్రీస్తును కీర్తించిన ఆ కవి, మనుష్యుని మనుష్యుడు చిన్నచూపు చూడరాదని జీవితాంతము విశ్వసించెను.